వెనక్కి రాలేని గడపలు ముందు గుర్తుపట్టండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. విశాఖ మధురవాడలో చిన్న ఆటోమేషన్ కంపెనీ, మీకు మూడేళ్ల అనుభవం. మొదటిసారి ఒక ప్రాజెక్టు మొత్తం మీ చేతికి వచ్చింది. చేపలు, రొయ్యలు ప్రాసెస్ చేసే యూనిట్‌లో కొత్త కోల్డ్ స్టోరేజీ కడుతున్నారు. దానికి కంట్రోల్ ప్యానెళ్లు, ఉష్ణోగ్రత సెన్సర్లు, అవి చెప్పేది చూపించే సాఫ్ట్‌వేర్ మీరు ఇవ్వాలి. క్లయింట్ అయిదు ఫేజులు రాసిచ్చారు: అవసరాలు, డిజైన్, తయారీ, పరీక్ష, అప్పగింత. ఒకదాని మీద సంతకం పడితే తప్ప రెండోది మొదలుపెట్టకూడదు. డబ్బు కూడా ఫేజుకింత. మీ సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు "ఇది పాత వాటర్‌ఫాల్ మేడమ్, ఇప్పుడెవరూ ఇలా చేయట్లేదు" అంటున్నారు. మీ బాస్ "క్లయింట్ చెప్పినట్టు చేసెయ్యమ్మా" అంటున్నారు. జూన్ 14తో వేట నిషేధం ముగుస్తుంది కాబట్టి ఆలోపు అప్పగించాలన్న టెన్షన్ ఒకటి.

నేను పాతికేళ్లకు పైగా ఇదే పనిలో ఉన్నాను. మొదట ఓడల రిపేరు చేసే ఒక సబ్‌కాంట్రాక్టర్ దగ్గర ప్లానింగ్, తర్వాత ఫ్యాక్టరీల్లో ఎలక్ట్రికల్, రిఫ్రిజిరేషన్ ప్రాజెక్టులు. కుర్రాళ్లు చెప్పిందీ నిజమే, క్లయింట్ అడిగిందీ న్యాయమే. కాకపోతే వాళ్లకి కోడ్ కనిపిస్తోంది, ఆయనకి కాంక్రీటు కనిపిస్తోంది. రాత్రి రాసిన కోడ్ నచ్చకపోతే పొద్దున్నే చెరిపి మళ్లీ రాసుకోవచ్చు. కాంక్రీటుని బ్రేకర్ పెట్టి పగలగొట్టాలి. మీ ప్రాజెక్టులో రెండూ ఉన్నాయి. కాబట్టి ఫేజులు ఎన్ని అన్నది పక్కనపెట్టి, ఏ గడప దాటితే మళ్లీ వెనక్కి రాలేమో అది మొదట వెతకండి.

దీనికి ఉదాహరణలు మన ఊళ్లోనే ఉన్నాయి. స్టీల్ ప్లాంట్‌లో కోక్ ఓవెన్ బ్యాటరీ, అంటే బొగ్గుని కోక్‌గా మార్చే పొయ్యిల వరుస, దాని సంగతి వినే ఉంటారు. లోపలంతా సిలికా ఇటుకలు. కొత్త బ్యాటరీని ఒక రోజులో వెలిగించేయరు. ఇటుక ఎంత సాగుతోందో కొలుచుకుంటూ వారాల తరబడి మెల్లగా వేడెక్కిస్తారు. ఒకసారి వేడెక్కాక ఇక చల్లారనివ్వరు, చల్లారితే ఆ ఇటుకలు పగుళ్లిస్తాయి. అందుకని అగ్గి పెట్టేముందు చూడాల్సినవన్నీ చూసి తీరాలి. అదే ప్లాంట్‌లో ఒక కన్వేయర్ మోటారు ట్రయల్ తీసుకోండి. అటు తిరగాల్సింది ఇటు తిరిగిందనుకోండి, మోటారుకి వచ్చే మూడు కరెంటు తీగల్లో రెంటిని అటూఇటూ మార్చి మళ్లీ తిప్పుతారు, అయిదు నిమిషాల పని. దానికి కమిటీ, సంతకాలు పెడితే అదో వేళాకోళం.

షిప్‌యార్డ్‌లోనూ అంతే. 1948 మార్చి 14న నెహ్రూ గారు 'జల ఉష' ఓడని నీళ్లలోకి వదిలారని మనందరం చదువుకున్నాం. లాంచింగ్ అంటే ఓడ పూర్తయిపోయిందని బయటివాళ్లు అనుకుంటారు. లాంచింగ్ తర్వాత పైపులు, కేబుళ్లు, యంత్రాల అమరిక, హార్బర్ ట్రయల్స్, సముద్రం మీద ట్రయల్స్ అంటూ నెలల పని ఉంటుంది. అయితే నీటి మట్టానికి కింద ఉండే భాగం, అంటే అడుగు వెల్డింగుల పరీక్ష, సముద్రపు నీటి వాల్వులు, అడుగు పెయింటు, ఇవి మాత్రం లాంచింగ్‌కి ముందే ముగియాలి. తర్వాత గుర్తొస్తే ఓడని డ్రై డాక్ ఎక్కించాలి, ఆ ఖర్చు చెప్పుకుంటే సిగ్గుచేటు. పైన కేబిన్‌లో చెక్కపని వెనకబడిందని లాంచింగ్ ఎవరూ ఆపరు. ఏది ఆగాలి, ఏది ఆగక్కర్లేదు అన్న ఈ తేడా ఓడల పనిలో ఉన్న మేస్త్రీకి కూడా తెలుసు. ఆఫీసులో కూర్చుని ఫేజులు రాసేవాళ్లే దాన్ని మర్చిపోతుంటారు.

పనిలో పనిగా ఒక మాట. కిక్-ఆఫ్ మీటింగ్‌ని పని మొదలైన రోజుగా లెక్కేయకండి. మన స్టీల్ ప్లాంట్‌కి ఇందిరా గాంధీ 1971 జనవరి 20న శంకుస్థాపన చేశారు. పి.వి. నరసింహారావు దాన్ని జాతికి అంకితం చేసింది 1992 ఆగస్టు 1న. శిలాఫలకం వేసిన రోజు నుంచి రోజులు లెక్కపెట్టుకున్నవాళ్ల సంగతి ఊహించుకోండి. అడ్వాన్సు ఖాతాలో పడి, సివిల్ డ్రాయింగులు చేతికొచ్చిన రోజే మీకు మొదటి రోజు. ఇది ఆర్డర్‌లో రాయించుకోండి.

ఇక మీ కోల్డ్ స్టోరేజీ. మైనస్ 18 డిగ్రీలో ఉండే గది నేల మామూలు నేల కాదు. కింద గట్టిపరిచిన మట్టి, దాని మీద బేస్ కాంక్రీటు. ఆ చలి మెల్లగా కిందికి దిగి, మట్టిలోని తేమ గడ్డకట్టి, నేలనే పైకి ఎత్తేస్తుంది. అలా జరగకుండా బేస్‌లో హీటర్ కేబుళ్లో, గాలి ఆడే పైపులో వేస్తారు. ఆపైన తేమని ఆపే షీటు, ఇన్సులేషన్ బోర్డులు, చివరికి పై శ్లాబు. ఆ నేల కింద ఉష్ణోగ్రత ఎంతుందో చెప్పే సెన్సర్ల వైరు వెళ్లడానికి పైపు కావాలి. ఆ పైపు మీ పని. మీ క్లయింట్ కాగితం ప్రకారం అది ఏ ఫేజులో వస్తుంది? మూడోదైన 'తయారీ'లో. సివిల్ వాళ్లు శ్లాబు పోసేదెప్పుడు? బహుశా మీరింకా రెండో ఫేజు సంతకం కోసం తిరుగుతున్నప్పుడు. మీ ప్రాజెక్టులో అసలు ప్రమాదం ఇక్కడుంది.

ఇది ఊహించి చెప్పట్లేదు, నేను అనుభవించి చెప్తున్నాను. పదిహేనేళ్ల కిందటి మాట, ఒక ప్రాసెసింగ్ యూనిట్. సంక్రాంతికి రెండు రోజుల ముందు. రెడీమిక్స్ లారీ గేటు దగ్గర నిలబడి ఉంది, పనివాళ్లంతా పండక్కి శ్రీకాకుళం బస్సు ఎక్కే తొందరలో ఉన్నారు. శ్లాబుకి ముందు చెక్‌లిస్టులో 'ఎలక్ట్రికల్ పైపులు పూర్తి' అని ఒక గడి. ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేశాను. "అయిపోయాయి సార్" అన్నాడు. టిక్ పెట్టి సంతకం చేశాను. అతను చెప్పింది గోడల్లో పైపుల గురించి. నేల పైపుల డ్రాయింగ్ అతని చేతికే వెళ్లలేదు. మార్చిలో కేబుల్ లాగబోతే లాగడానికి పైపే లేదు. గోడ వారన శ్లాబు కోసి, కింద తేమ షీటు చింపి, మళ్లీ అతికించి ఏదో అయిందనిపించాం. రెండేళ్ల తర్వాత కూడా ఆ మూల మంచు పేరుకుంటూనే ఉండేది. సంతకం నాది, కాబట్టి తిట్లూ నాకే పడ్డాయి.

ఆ తర్వాత నేను నేర్చుకున్నది ఒక్కటే: పని చేసినవాడు సంతకం పెట్టకూడదు, చేయించినవాడూ పెట్టకూడదు; తర్వాతి పని ఎవరిదో వాళ్లు పెట్టాలి. బియ్యం లారీ వస్తే బస్తాలు సరిపోయాయని డ్రైవరు రాసుకుంటే గోడౌన్ వాళ్లు ఒప్పుకుంటారా? దించుకునేవాళ్లే లెక్కపెట్టుకుంటారు. ఆ రోజు కేబుల్ లాగాల్సిన కుర్రాణ్ణి నేల మీద నిలబెట్టి "నీ పైపు ఏదిరా" అని అడిగి ఉంటే రెండు నిమిషాల్లో తేలిపోయేది. మీ డిజైన్ ఫేజు పూర్తయిందని మీ డిజైనర్ చెప్పకూడదు, ప్యానెల్ అల్లే వైర్‌మన్ చెప్పాలి. ప్యానెల్ పూర్తయిందని వైర్‌మన్ చెప్పకూడదు, సైట్‌లో బిగించేవాడు చెప్పాలి.

ఇన్‌స్పెక్షన్ పనుల్లో రెండు మాటలు వాడతాం. మీ క్లయింట్ తరఫు కన్సల్టెంటుకి ఇవి తెలిసే ఉంటాయి. హోల్డ్ పాయింట్ అంటే సంతకం పడేదాకా పని ఆగాల్సిందే. విట్‌నెస్ పాయింట్ అంటే ముందుగా కబురు పెట్టాలి. వాళ్లొచ్చి చూస్తే మంచిది, రాకపోతే పని సాగించొచ్చు. మీ అయిదు ఫేజుల హద్దులన్నిటినీ క్లయింట్ హోల్డ్ పాయింట్లు చేశారు. ఆయనతో కూర్చుని వాటిని మార్పించండి. నిజమైన హోల్డ్ పాయింట్లు మీకు మూడే ఉన్నాయనిపిస్తోంది: పై శ్లాబు పోయడం, ప్యానెల్ మీ షెడ్డు నుంచి లారీ ఎక్కడం, గదిలోకి మొదటిసారి సరుకు పెట్టడం. మిగతావన్నీ విట్‌నెస్ పాయింట్లు చాలు. "సార్, సంతకాలు తగ్గించమనట్లేదు, శ్లాబు దగ్గర ఇంకొకటి పెంచమంటున్నాను" అని మొదలుపెడితే ఆయన వింటారు. నేల పైపుల డ్రాయింగ్‌ని మాత్రం డిజైన్ ఫేజు నుంచి విడదీసి, ఒక్క కాగితంగా ఈ వారంలోనే సివిల్ వాళ్లకి ఇచ్చేయండి. మీ మొత్తం పనిలో అన్నిటికంటే చవకైనది ఆ పైపు. అన్నిటికంటే తొందరైనదీ అదే.

తేదీల గురించి కూడా లెక్క వేసి చూపిస్తాను. అంకెలు మీ సైట్‌వి కావు, పద్ధతి కోసం. డ్రాయింగుల ఆమోదానికి 20 రోజులు. ఆ తర్వాత గదిని చల్లబరిచే కంప్రెసర్ ఆర్డర్ పెడితే సైట్‌కి చేరడానికి 90 రోజులు. బిగింపు 15, నడిపి చూడటం 10. మొత్తం 135. ఇంకోపక్క అదే ఆమోదం తర్వాత సివిల్ పని 75 రోజులు, అంటే 95వ రోజుకి గది సిద్ధం. కంప్రెసర్ వచ్చేది 110వ రోజున. సివిల్ వాళ్లకి 15 రోజుల వెసులుబాటు ఉంది. మీ ప్యానెళ్లకి 45 రోజులు పడితే 65వ రోజుకి తయారు, కంప్రెసర్ వచ్చేదాకా మీకూ ఇంకో 45 రోజుల వెసులుబాటు. వారం వాన పడి శ్లాబు ఆగితే అందరూ కంగారుపడతారు, అప్పగింత తేదీకి ఏమీ కాదు. డ్రాయింగ్ మీద సంతకం వారం ఆలస్యమైతే ఎవరూ కంగారుపడరు, మొత్తం వారం వెనక్కి పోతుంది. ఇలా అన్నిటికంటే పొడవైన దారి వెతికి దాన్ని కాపాడుకునే లెక్కని అమెరికాలో డుపాంట్ కంపెనీ వాళ్లు 1957లో తయారు చేసుకున్నారు. క్రిటికల్ పాత్ అంటారు. దీనికి సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు, నోటు పుస్తకం చాలు. జూన్ 14 నుంచి 135 రోజులు వెనక్కి వెళ్తే జనవరి 30 వస్తుంది. మీ అసలు అంకెలు పెట్టి ఇలాగే వెనక్కి లెక్కేయండి. వచ్చిన తేదీ ఇప్పటికే దాటిపోయి ఉంటే క్లయింట్‌కి ఇవాళే చెప్పండి. మే నెలలో చెబితే అది మీ తప్పు అవుతుంది.

కొన్ని రోజులు మాత్రం మనుషుల్ని పెంచినా తగ్గవు. మామూలు పోర్ట్‌ల్యాండ్ సిమెంటుతో పోసిన కాంక్రీటుకి కనీసం 7 రోజులు నీళ్లు పట్టాలని, ఫ్లైయాష్ లాంటివి కలిసిన సిమెంటుకి 10 రోజులని కాంక్రీటు పనికి మన దేశపు ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతుంది. నాలుగున్నర మీటర్లు దాటిన శ్లాబు కింద ఆధారాలు 14 రోజుల దాకా తీయకూడదు. ప్లాన్‌లో వీటిని ఎవరైనా కుదించి రాస్తే ఒప్పుకోకండి. మన క్యాలెండర్ కూడా చూసుకోండి. పండక్కి ఊరెళ్లిన పనివాళ్లు చెప్పిన రోజుకి తిరిగిరారు. మే ఎండల్లో మధ్యాహ్నం రేకుల షెడ్డు మీద పని జరగదు. క్లయింట్‌కి ముహూర్తాల పట్టింపు ఉంటే మూఢంలో ప్రారంభోత్సవం పెట్టనివ్వరు. ఈ సంగతి పిలుపులు అచ్చయ్యాక కాదు, ఇప్పుడే పంచాంగం చూసి అడగండి.

ఇప్పుడు మీ కుర్రాళ్ల సంగతి. వాటర్‌ఫాల్ అని వాళ్లు తీసిపారేస్తున్న బొమ్మ 1970లో విన్‌స్టన్ రాయిస్ అనే ఇంజినీరు రాసిన పేపర్‌తో బాగా ప్రచారమైంది. మెట్ల మీద నుంచి నీళ్లు దిగినట్టు ఒక దశ కింద ఒక దశ. వాటర్‌ఫాల్ అనే మాట ఆ పేపర్‌లో లేదు. తమాషా ఏమిటంటే, ఆ బొమ్మ గీసిన ఆయనే, పరీక్ష చివరిదాకా ఆగితే ప్రమాదం, ఇలా చేస్తే దెబ్బతింటారు అని అందులోనే రాశారు. కొత్త రకం ప్రోగ్రాం అయితే ముందు ఒకసారి చిన్నగా చేసి చూసుకోండి, క్లయింట్‌కి ఇచ్చేది రెండోసారి చేసింది కావాలి అన్నారు. చాలామంది బొమ్మ చూసి పేజీ తిప్పేసినట్టున్నారు. కాబట్టి కుర్రాళ్లతో వాదించకండి, ఆయన మాటే పట్టుకోండి. సాఫ్ట్‌వేర్ స్క్రీన్లని 'అవసరాలు' ఫేజులోనే ఉత్తుత్తి అంకెలతో చేయించి, క్లయింట్ ఆఫీసులో కాదు, గదులు చూసుకునే ఆపరేటర్ ముందు పెట్టండి. ఆపరేటర్ అడిగేవి మీ స్పెసిఫికేషన్‌లో ఉండవు. తలుపు ఎంతసేపు తెరిచి ఉంచారో కనబడాలంటాడు. రాత్రి అలారం మోగితే ఎవరి ఫోన్‌కి వెళ్తుందని అడుగుతాడు. చేతి గ్లవ్స్ తీయకుండా నొక్కేంత పెద్ద బటన్ కావాలంటాడు. ఇవి నోట్ చేసుకుని వారానికోసారి మార్చుకుంటూ పోండి. క్లయింట్ సంతకం పెట్టే కాగితంలో 'స్క్రీన్ల అమరిక అప్పగింత వరకు మారవచ్చు, సెన్సర్ల సంఖ్య, వాటి చోటు మారవు' అని ఒక వాక్యం చేర్చండి. ఆ వాక్యంతో కుర్రాళ్ల పద్ధతీ క్లయింట్ పద్ధతీ ఒక కప్పు కింద సర్దుకుంటాయి.

సైట్‌లో గది తయారయ్యేదాకా సాఫ్ట్‌వేర్ పరీక్షించలేం అని వాళ్లు అంటే నమ్మకండి. మీరు వాడేది పీటీ 100 అనే రకం ఉష్ణోగ్రత సెన్సర్ అయితే, సున్నా డిగ్రీల దగ్గర దాని రెసిస్టెన్స్ 100 ఓములు, మైనస్ 18 దగ్గర సుమారు 93. సెన్సర్ బదులు డికేడ్ బాక్సు, అంటే కావాల్సిన రెసిస్టెన్స్ తిప్పి పెట్టుకునే పెట్టె, తగిలించి 93 ఓములు పెడితే స్క్రీన్ మీద మైనస్ 18 కనబడాలి. మెల్లగా 95కి తిప్పండి, అలారం మోగుతుందో లేదో మధురవాడ షెడ్డులోనే తెలిసిపోతుంది. సైట్‌కి వెళ్లాక సెన్సర్‌ని చితక్కొట్టిన ఐసు కలిపిన నీళ్లలో ముంచి సున్నా చూపిస్తోందో లేదో చూడండి. ఇందాక చెప్పిన 45 రోజుల వెసులుబాటు ఇలా ఖర్చుపెట్టుకోవాలి.

డబ్బు గురించి కొద్దిగానే చెప్తాను, అది మీ బాస్ చూసుకుంటారు. ఫేజు పూర్తయితే డబ్బు అన్నచోట, ఫేజు పూర్తయిందంటే ఏమిటో కంటికి కనబడే వస్తువుగా రాయించండి. 'డిజైన్ 100 శాతం' అని రాస్తే గొడవే. 'ఈ పన్నెండు డ్రాయింగులు, మార్పులు లేకుండా ఆమోదం' అని రాస్తే గొడవ లేదు. డ్రాయింగ్ ఇచ్చాక ఇన్ని రోజుల్లో జవాబు రాకపోతే ఆమోదించినట్టే అని కూడా అడగండి. అందరూ ఒప్పుకోరు, అడగడంలో తప్పులేదు. ఆలస్యానికి జరిమానా, నేను చూసిన ఆర్డర్లలో ఎక్కువగా వారానికి అర శాతం, గరిష్ఠంగా అయిదు శాతం ఉండేది. ఆ ఆలస్యం ఎవరిదో తేలాలంటే రోజువారీ రిజిస్టర్ రాయాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నాకో సైట్ నడుస్తోంది. రేకులు ఎగిరిపోయాయి, కరెంటు లేదు, నెల రోజులు పని చిందరవందర. తర్వాత క్లయింట్‌తో కూర్చుంటే, తుపానుకి ముందే మీరు పది రోజులు వెనకబడ్డారు అన్నారు. మా సూపర్‌వైజర్ రోజూ సాయంత్రం రెండు లైన్లు రాసి, క్లయింట్ మనిషి చేత పొట్టి సంతకం పెట్టించుకున్న పుస్తకం బయటికి తీశాం. ఆ పది రోజుల్లో ఏడు వాళ్లు గది ఖాళీ చేయకపోవడం వల్ల పోయినవి. మిగతా మూడూ మావే, ఒప్పుకున్నాం.

మధ్యలో మార్పులు అడుగుతారు, అడక్కుండా ఉండరు. నోటితో చెప్పినదానికి "సరే సార్" అనండి గానీ, అదే సాయంత్రం వాట్సాప్‌లో 'ఈ మార్పుకి ఇంత డబ్బు, ఇన్ని రోజులు, మీరు ఔనంటే మొదలుపెడతాం' అని పంపండి. సగం మార్పులు ఆ మెసేజ్ చూశాక వాళ్లే వదిలేస్తారు.

చివరి ఫేజు, అప్పగింత. పూలదండలు, కొబ్బరికాయ, ఫొటో, అవన్నీ పగలే అవుతాయి. మీరు మాత్రం అప్పటికి వారం ముందు ఒక రాత్రి షిఫ్టుకి వెళ్లండి, కంపెనీ బండిలో ఇంకొకర్ని వెంటబెట్టుకుని. రెండు గంటలప్పుడు డ్యూటీలో ఉన్న ఆపరేటర్‌ని అలారం ఆపమనండి. కరెంటు పోయి వచ్చినట్టు మెయిన్ ఆపి వేయించండి, ప్యానెల్ దానంతటదే లేస్తుందో లేదో చూడండి. పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో, విడి ఫ్యూజులు ఏ బీరువాలో ఉన్నాయో, నిజంగా బిగించినట్టు దిద్దిన డ్రాయింగులు ప్యానెల్ తలుపు లోపల ఉన్నాయో అతన్నే అడగండి. అతను తడుముకున్నవి కాగితం మీద రాసుకుని, మర్నాడు సరిచేసి, అప్పగింత పత్రం మీద క్లయింట్ సంతకం కింద అతని సంతకం కూడా పెట్టించండి.